మా థియేటర్ ఆయమ్మ ముక్కు

ఆపరేషన్ థియేటర్ నర్సు మనుషుల ముఖాలు పెద్దగా చూడదు. ఆకుపచ్చ గుడ్డలు కప్పాక మధ్యలో ఎంత మేర మిగిలితే అదే మాకు మనిషి. అక్కడ ఒకరోజు కడుపు ఉంటుంది, ఒకరోజు మోకాలు ఉంటుంది. ముప్పై మూడేళ్ళు నాకు అట్లాగే గడిచాయి. మా నాన్న బొగ్గుగనిలో దిగి పనిచేసినవాడు. నా బిడ్డయినా వెలుతురులో పనిచెయ్యాలని నన్ను నర్సింగ్‌కు పంపాడు. థియేటర్ లైటు కింద ఉన్నంత వెలుతురు ఎక్కడుంటుంది? అంత వెలుతురులో నిలబడి కూడా నేను చూడకుండా వదిలేసిన ఒక ముఖం గురించి ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు ఎవరైనా చదివితే నాకు అంతే చాలు.

నేను చివరి పదిహేనేళ్ళు పనిచేసింది భద్రాచలం దాటాక, అడవి మొదలయ్యే దగ్గర ఉన్న ఒక ఆసుపత్రి. దాని పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. ఆ థియేటర్‌లో నాకంటే అయిదేళ్ళు ముందు చేరిన ఆయమ్మ ఒకామె ఉండేది. గోదావరి అవతల బూర్గంపాడు దగ్గర పల్లె ఆమెది. పొద్దున్నే షేర్ ఆటోలో వంతెన దాటి అందరికంటే ముందే వచ్చేది. నేల తుడవడం, నెత్తుటి గుడ్డలు నానబెట్టడం, డాక్టర్లకు టీలు అందించడం ఆమె పని. భర్త పోయాడు. ఒక్క కూతురిని కారేపల్లి ఇచ్చింది. ఇంతకుమించి నాకు తెలియదు. చివరికి ఆమె కేస్ షీట్ రాయాల్సి వచ్చినప్పుడు ఇంటిపేరు కూడా అడిగి రాసుకున్నాను.

ఒకరోజు పరికరాలు ఉడకబెట్టే గదిలో నేను కత్తెరలు లెక్కపెడుతుంటే వచ్చి నిలబడింది.

"సిస్టరమ్మా, గిది జెర సూడుండ్రి. గోకితే నెత్తురొస్తంది. మల్ల మానుతది, మల్ల వస్తది."

కుడివైపు ముక్కుపుటం అంచున మిరియపు గింజంత నల్లటి పొక్కు ఉంది. పైన మెరుపు. పక్కనే గిల్టు ముక్కుపుడక. నేను లెక్క తప్పుతుందన్న తొందరలో ఉన్నాను.

"పుడక పడకుంట అయింది. తీసెయ్యి, గిది రాసుకో" అని బీరువాలోంచి ఆయింట్‌మెంట్ ట్యూబు తీసి ఇచ్చాను.

పుడక తీసేసింది. రాసుకుంది. ట్యూబు అయిపోగానే వచ్చి చెయ్యి చాచేది, నేను ఇచ్చేదాన్ని. మానినట్టే మాని మళ్ళీ లేచే పుండును నమ్మొద్దని నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే మాకు చెప్పారు. ఆ పాఠం నేను చాలామంది జూనియర్లకు అప్పజెప్పాను కూడా. రెండోసారి ట్యూబు ఇచ్చినప్పుడు గానీ, ఆ తర్వాత గానీ, ఆ ముక్కు వంక మాత్రం చూడలేదు.

ఆ లోపల కరోనా వచ్చింది. అందరి ముఖాలూ సగానికి మాయమయ్యాయి. కరోనా పోయాక మేమంతా థియేటర్ దాటి బయటికి రాగానే మాస్కులు తీసేసేవాళ్ళం. ఆమె తీసేది కాదు. ఎందుకని ఎవరో అడిగితే ఫినాయిల్ వాసనకు దగ్గొస్తుందని చెప్పింది. మాకు అది చాలా సబబుగా తోచింది.

నెలకు రెండుసార్లు ఖమ్మం నుంచి ఒక ప్లాస్టిక్ సర్జన్ వచ్చేవారు. నలభై లోపు ఆవిడ, మధిర వైపు మనిషి. మంటల్లో కాలి ముడుచుకుపోయిన చేతులు, మెడలు సరిచేయడానికి వచ్చేవారు. ఒక మధ్యాహ్నం కేసులు అయిపోయాక కారిడార్‌లో నిలబడి ఉన్నాం. ఆయమ్మ నేల తుడుస్తూ, చెమట తుడుచుకోవడానికి మాస్కు ఒక్క క్షణం కిందికి లాగింది. డాక్టరమ్మ మాట్లాడుతున్నది ఆపేశారు. వెళ్ళి, ఆ తడి నేల మీదే ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నారు.

"అమ్మా, ఆ మాస్కు పూర్తిగా తీయండి."

ఆయమ్మ నా వైపు చూసింది. తర్వాత తీసింది. కుడివైపు ముక్కుపుటం అంచు సగం లేదు. ఎలుక కొరికినట్టు లోపలికి పోయి, చుట్టూ నల్లటి గట్టు కట్టి ఉంది.

"ఎన్నాళ్ళయింది? ఎవరికి చూపిస్తున్నారు?"

ఆయమ్మ కళ్ళు మళ్ళీ నా వైపే తిరిగాయి. నేనే చెప్పాను. "ఏదో ఆయింట్‌మెంట్ రాస్తోంది మేడం."

రాస్తోంది అన్నాను. ఇచ్చాను అనలేదు. ఆయమ్మ విన్నది. తలవంచుకుని తుడిచే గుడ్డకు చిక్కిన దూది పోగు తీస్తూ కూర్చుంది.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే చర్మ క్యాన్సర్ అని వచ్చింది. దూరం పాకే రకం కాదు గానీ, కూర్చున్నచోట ఎముక దాకా తినుకుంటూ పోయే రకం. మా పెద్ద సారు హైదరాబాద్ క్యాన్సర్ ఆసుపత్రికి రాసి, కాగితం మీద సంతకం పెట్టి నాకిచ్చారు. చాలా మంచి సర్జన్ ఆయన. ఆ రోజు తొమ్మిది కేసులున్నాయి. కాగితం మీంచి తల ఎత్తలేదు.

ఆయమ్మ పోనంది.

"హైదరాబాద్‌ల నాకెవరున్నరు? ఈడనైతే ఈ గోడలన్ని నేను కడిగినయే. సచ్చినా బతికినా ఈడనే."

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "చేస్తాను. కోయడం, కట్టడం నా పని. కానీ ఆ తర్వాత మూడు వారాలు నేను ఎక్కువగా ఖమ్మంలోనే ఉంటాను. చూసుకోవాల్సింది మీరు, సిస్టర్."

నేను ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఆవిడకు తెలియదనుకున్నాను.

మొదట జబ్బు ఉన్న మేర, చుట్టూ కొంత మంచి చర్మంతో సహా తీసేశారు. అంచుల్లో జబ్బు మిగల్లేదని రిపోర్టు వచ్చేదాకా కొత్త ముక్కు కట్టకూడదు. ఆ పది రోజులూ ఆయమ్మ ముఖంలో రూపాయి బిళ్ళంత రంధ్రం. రోజూ డ్రెస్సింగ్ నేనే చేసేదాన్ని. ఆమె అద్దం అడగలేదు. ఒకసారి మాత్రం, "గాలి సల్లగ తగుల్తంది సిస్టరమ్మా, లోపలికెల్లి" అంది.

రిపోర్టు బాగానే వచ్చింది. ఆపరేషన్ రోజు ఆమెను టేబుల్ మీద పడుకోబెట్టాం. మత్తు ఇవ్వబోతుండగా పైకి చూసి ముఖం చిట్లించింది.

"లైటు మీద బూజుంది సిస్టరమ్మా. నిలబడితే కనపడదు. ఇన్నేండ్లు నేను సూడనే లే."

మత్తు డాక్టర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ పని మీకు కొంచెం చెప్పాలి. ఎందుకంటే తర్వాత జరిగినది దాని మీదే ఆధారపడి ఉంది. డాక్టరమ్మ కుట్టుదారం వచ్చే అల్యూమినియం కవరు ముక్కను తీసుకుని, బాగున్న ఎడమ ముక్కుపుటం మీద ఒత్తి, ఆ ఆకారంలో కత్తిరించారు. రోజూ కేసు అయ్యాక ఆయమ్మ ఊడ్చి పారేసే ముక్కలే అవి. దాన్ని తిరగేసి నుదుటి మీద పెట్టి గీత గీశారు. చెవి వెనక నుంచి కొంచెం మెత్తటి ఎముక తీసి పుటానికి ఆసరాగా కుట్టారు. ఆ తర్వాత నుదుటి చర్మాన్ని గీత ప్రకారం కోసి, కనుబొమ దగ్గర మొదలు తెంచకుండా, మెలితిప్పి కిందికి దించి ముక్కుకు కుట్టారు. ఆ మొదట్లోంచి వచ్చే రక్తంతోనే కొత్త ముక్కు బతకాలి. మూడు వారాల్లో అది ముక్కు దగ్గర సొంతంగా రక్తం తెచ్చుకోవడం నేర్చుకుంటుంది. అప్పుడు ఆ మధ్య తొడిమను తెంచేస్తారు. అప్పటిదాకా కనుబొమ నుంచి ముక్కు దాకా వేలెడు మాంసపు తాడు వేలాడుతూనే ఉంటుంది.

కూతురు కారేపల్లి నుంచి వచ్చి తల్లిని చూసి గోడకు ఆనుకుని కూలబడింది.

"ఏం జేసిండ్రు మా అమ్మను! ముక్కు బాగు జేస్తమని నుదురు గూడ కోసిండ్రా?"

"మూడు వారాలు ఓపిక పట్టు బిడ్డా" అన్నాను.

"మీకేంది సిస్టరమ్మా, మీకు అలవాటే."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు.

రెండో రోజు సాయంత్రం ఆ తొడిమ వెనక నుంచి రక్తం కారి ఆయమ్మ కంట్లో పడుతోంది. అది మామూలే, నాలుగైదు రోజులు కారుతుంది. కళ్ళు మాటిమాటికీ తుడుచుకోవడం చూడలేక, తొడిమ చుట్టూ మందు గుడ్డ చుట్టి, నుదుటి మీదుగా కట్టు కట్టాను. ఇంకో చుట్టు వేస్తే ఆగుతుంది కదా అని ఇంకో చుట్టు వేశాను. నిజంగానే ఆగింది. సంతోషంగా ఇంటికి వెళ్ళాను.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి డ్యూటీకి వచ్చి చూస్తే కొత్త ముక్కు నేరేడుపండు రంగులో ఉంది.

వేలితో నొక్కాను. తెల్లబడి, వదలగానే చప్పున మళ్ళీ నల్లబడింది. రక్తం లోపలికి వస్తోంది, బయటికి పోలేకపోతోంది. కత్తెర తెచ్చి కట్టు కోశాను. కింద తొడిమ మీద నా గుడ్డ చుట్టు అచ్చుపడి ఉంది.

"బిగుతుగ ఉండెనా ఆయమ్మా రాత్రి?"

"జెర బిగుతుగనే ఉండె."

"మరి చెప్పలేదేంది?"

"నైట్ సిస్టర్లు పని మీద ఉండిరి. పొద్దుగాల మీరొస్తరు గద అని."

ఇరవై ఏళ్ళుగా మా థియేటర్‌లో ఆమె నేర్చుకున్న పద్ధతి అది. ఎవరి పనికీ అడ్డం రాకూడదు. ఆ పద్ధతిని మేమే నేర్పాం, మెచ్చుకున్నాం కూడా.

కట్టు తీసి పావుగంట చూశాను. రంగు మారలేదు. పెద్ద సారు జిల్లా మీటింగ్‌కు కొత్తగూడెం పోయారు. డాక్టరమ్మకు ఫోను చేస్తే ఖమ్మంలో ఆపరేషన్ మధ్యలో ఉన్నారు. ఫొటో తీసి పంపాను. ఐదు నిమిషాలకు అక్కడి థియేటర్ నర్సు ఫోను పట్టుకుంటే, డాక్టరమ్మ గ్లౌజుల చేతులతోనే నిలబడి మాట్లాడారు.

"తొడిమ మెలి తిరిగినచోట రెండు కుట్లు కోసెయ్యండి, సిస్టర్. ముక్కు అంచున సూదితో గుచ్చండి. నల్ల రక్తం కారనివ్వండి. ఎర్రగా వచ్చేదాకా. అరగంటకోసారి."

"నేనా మేడం?"

"ఇంకెవరున్నారు అక్కడ?"

ముప్పై ఏళ్ళు సర్జన్ల చేతికి కత్తులు అందించినదాన్ని. మనిషి ముఖం మీద నా చేత్తో కోయడం అదే మొదలు. మొదటి కుట్టు కోశాను. రెండోది కోశాను. పుటం అంచున సూది గుచ్చాను. బెల్లం పాకం లాంటి రక్తం చిక్కగా, మెల్లగా దిగింది. మందు నీళ్ళలో తడిపిన దూదితో గడ్డకట్టకుండా అద్దుతూ కూర్చున్నాను. కూతురు మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. నేను చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తబోతే, తనే తన కొంగుతో నా నుదురు తుడిచింది.

తొమ్మిదిన్నర, పది, పదిన్నర. అరగంటకోసారి గుచ్చుతున్నాను. వార్డు నర్సు వచ్చి నేను కూర్చుంటాను అన్నది. నేను లేవలేదు. కూతురు టీకి బయటికి వెళ్ళినప్పుడు, మేమిద్దరమే ఉన్నాం. అప్పుడు నోరు తెరిచాను.

"ఆయమ్మా, ఆ ఆయింట్‌మెంట్ నేనియ్యకుండా అప్పుడే డాక్టర్‌కు చూపిస్తే గింత అయ్యేది కాదు. నీ ముక్కు నేనే పోగొట్టిన."

ముక్కులో దూది ఉంది కాబట్టి ఆమె గొంతు ఎక్కడినుంచో వచ్చినట్టు వచ్చింది.

"అవ్. నాకెరుకే."

"ఎరుకై కూడ ఒక్క మాటనలేదు నువ్వు."

"ఏమనాలె సిస్టరమ్మా? మీరన్నా ఒక్కపాలి సూసిండ్రు. తక్కినోళ్ళు గదీ సూడలే. మీతోని గూడ కొట్లాడితే ఈడ నాకింకెవరున్నరు?"

ఆ మాటలో మన్నింపు ఉందేమోనని వెతుక్కున్నాను. లేదు. అలాగని కోపమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. మా అమ్మ నన్ను చర్చికి తీసుకుపోయిన రోజుల నుంచీ పాపం ఒప్పుకుంటే బరువు దిగుతుందని విన్నాను. నాకైతే దిగలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక సూది గుచ్చితే ఎర్రటి రక్తం వచ్చింది. సాయంత్రానికి ముక్కు రంగు నేరేడు నుంచి గులాబీకి తిరిగింది. అంచున మాత్రం శనగబద్దంత మేర నల్లగానే ఉండిపోయి, వారం తర్వాత పొక్కులా ఊడిపోయింది. అక్కడ ఇప్పటికీ చిన్న నొక్కు ఉంటుంది. డాక్టరమ్మ సరిచేస్తానన్నారు గానీ ఆయమ్మ ఇంక చాలమ్మా అంది. ఆ నొక్కు నేను వేసిన ఆ ఒక్క చుట్టుది.

మూడు వారాలకు తొడిమ తెంచే రోజు వచ్చింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే పక్కన నిలబడ్డాను.

"మేడం, ఆ రోజు ఆయింట్‌మెంట్ రాస్తోంది అన్నాను. ఇచ్చింది నేను. రెండేళ్ళు."

ఆవిడ చేతులు పైకెత్తి మోచేతుల మీదుగా నీళ్ళు జారనిచ్చారు. "ఆ రోజే అర్థమైంది సిస్టర్. ఆమె మీ వైపు చూసిన చూపు చూశాను." కొంచెం ఆగి, "కేస్ షీట్‌లో రాయండి. రేపు ఇంకెవరైనా చూస్తే వాళ్ళకు తెలియాలి కదా" అన్నారు.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ సాయంత్రం షీటు ముందు కూర్చుని నాలుగు లైన్లు రాశాను. 'థియేటర్ సిస్టర్ ఇచ్చిన' అని రాసి, కింద సంతకం పెట్టాను. ఎవరూ నన్ను పిలిచి అడగలేదు. ఆ కాగితం ఇప్పటికీ రికార్డు గదిలో ఉంటుంది, చెదలు తినకపోతే.

ఆ తర్వాత నాకు కొన్ని వింతలు తెలిశాయి. పుస్తకాల్లో ఉంటాయి గానీ మనిషి చెబితే వేరు. ముక్కు మీద ఈగ వాలితే ఆయమ్మ నుదురు గోక్కునేది. "గాడ పాకితే ఈడ తెలుస్తంది" అని ఆశ్చర్యపోయేది. ఆమెది చిన్న నుదురు కాబట్టి తలకట్టు అంచు కూడా కొంచెం దిగి, ముక్కు కొసన నాలుగు వెంట్రుకలు మొలిచాయి. కూతురు పట్టకారుతో పీకుతుంటే, "ఉండనీ బిడ్డా, నూనె రాసి జడేసుకుంట" అంది. వార్డులో ఉన్న వాళ్ళంతా నవ్వారు. ఆ రోజే మొదటిసారి అద్దం అడిగింది. చాలాసేపు చూసుకుంది. అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. "మా అమ్మ ముక్కు గాదు. అయితేంది, ఊపిరాడుతంది" అని అద్దం వెనక్కిచ్చింది.

రెండు నెలలకు డ్యూటీకి వచ్చింది. వచ్చిన రోజే నిచ్చెన తెప్పించుకుని లైటు మీద బూజు దులిపింది. మాస్కు థియేటర్ లోపల మాత్రమే పెట్టుకుంది. నుదుటి మీద నిలువుగా తెల్లటి గీత, ముక్కు కొంచెం లావు, కుడి అంచున నొక్కు. అందరికీ కనిపించేట్టు కారిడార్‌లో తిరిగింది.

పదకొండింటికి డాక్టర్ల గదిలో పెద్ద సారు, నేను మరుసటి రోజు కేసుల జాబితా చూస్తున్నాం. ఆయమ్మ టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గ్లాసు అందుకుంటూ తలెత్తి, మర్యాదగానే అడిగారు.

"కొత్తగా చేరినవా అమ్మా? ఏ ఊరు?"

పన్నెండేళ్ళుగా ఆయనకు ఆ టీ తెచ్చింది ఆమే. ఆ రెఫరల్ కాగితం మీద సంతకం పెట్టింది ఆయనే. ఆ మూడు వారాలూ రౌండ్‌లో ఆ మంచం పక్క నుంచి పోయింది కూడా ఆయనే. ఏదో సర్దిచెప్పబోయాను.

ఆయమ్మ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

"ముక్కు కొత్తది సారూ," అంది. "మనిషిని పాతదాన్నే."

సారు గ్లాసు కింద పెట్టారు. నా వైపు చూశారు. నేను తల దించుకోలేదు, ఆయన తరఫున సర్దిచెప్పలేదు కూడా. ఆయన లేచి, తన కుర్చీని కిటికీ వైపు జరిపారు.

"కూర్చో అమ్మా. వెలుతురుకు తిరుగు. చూస్తా."

ఆయమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చుంది. ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం నేను చూసింది అదే మొదటిసారి.